మబ్బుకు రెండు ఖాతాలు

ఈ ఏడాది భోగి నాడు తెల్లవారుజామున మా అపార్ట్‌మెంట్ డాబా ఎక్కితే పల్లికరణై చిత్తడి నేల కనిపించలేదు. మామూలు రోజుల్లో అక్కడి నుంచి కొంగల బారులు కనిపిస్తాయి, అదృష్టం బాగుంటే ఫ్లెమింగోలు కూడా. ఆ రోజు ఎదురింటి నీళ్ళ ట్యాంకే సగం మాయమైంది. పాత చాపలు, విరిగిన కుర్చీలు, ఎవరెంత చెప్పినా మానని టైర్లు. వాటి పొగంతా పొగమంచులో కలిసి గొంతులోకి దిగుతోంది. విమానాలు ఆలస్యమని టీవీలో అప్పటికే చెప్పేస్తున్నారు. చెన్నైలో భోగికి ఇది మామూలే.

రైల్వేలో రిటైరైన మా పై అంతస్తు బాబాయి గారు మఫ్లర్ చుట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. ఆయనది తెనాలి, మాది గూడూరు. బంధుత్వం ఏమీ లేదు, పదకొండేళ్ళుగా ఒకే మెట్లు ఎక్కుతున్నాం, అంతే. నన్ను చూడగానే ఫోన్ తీశారు.

"చూశావా అబ్బాయ్, ఈ పొగ ఒక గొడుగు. గొడుగు తీసేశారు కాబట్టే అక్కడ ధ్రువాల్లో మంచు కరుగుతోంది."

వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్ అది. అందులో మూడు మాటలున్నాయి. ఓడల ఇంధనంలో గంధకం తగ్గించడం వల్ల సముద్రం మీద మబ్బుల తీరు మారిందని మొదటిది. అందుకే ధ్రువాల మంచు కరుగుతోందని రెండోది. కార్బన్ డయాక్సైడ్ గొడవంతా కల్పితమని మూడోది. నేను వెంటనే "అబద్ధం బాబాయ్ గారూ" అనలేకపోయాను. ఎందుకంటే మొదటి మాట దాదాపు నిజం. రెండోదాంట్లో పావు వంతో అరవంతో నిజముంది. మూడోది పచ్చి అబద్ధం. నేను పనిచేసేది ఆడిటర్ దగ్గర. పూర్తిగా దొంగ ఓచరును ఎవరైనా పట్టుకుంటారు. అసలు ఓచర్ల మధ్య దూరిన దొంగ ఓచరుతోనే చిక్కు.

ఆ తరవాత కొన్ని వారాలు ఈ మబ్బుల మీద పడ్డాను. నేను వాతావరణ శాస్త్రం చదివినవాణ్ణి కాను, లెక్కలు చూసేవాణ్ణి. చదివిన కొద్దీ నాకు అనిపించింది ఇది: మబ్బు గురించీ పొగ గురించీ మాట్లాడేవాళ్ళలో చాలామంది ఒక్క వైపు పద్దే చదివి వినిపిస్తారు. ఖర్చు రాసి జమ రాయరు, జమ రాసినవాళ్ళు ఖర్చు రాయరు. ధ్రువాల మంచు విషయంలో ఈ ఒంటి పద్దు మనిషిని సరిగ్గా తలకిందుల జవాబుకు చేరుస్తుంది.

మబ్బేసింది, చలి తగ్గింది

మనకు మబ్బంటే చల్లదనం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు ఒక్క మబ్బు అడ్డమొస్తే ప్రాణం లేచొస్తుంది. ఉష్ణదేశపు మనుషులం కాబట్టి మబ్బును గొడుగులాగే చూస్తాం. బాబాయి గారి గొడుగు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

కానీ మనకే ఇంకో మాట కూడా ఉంది. పుష్యమాసంలో ఊళ్ళో పెద్దవాళ్ళు పొద్దున్నే లేచి ఆకాశం చూసి "రాత్రి మబ్బేసింది, అందుకే చలి తగ్గింది" అంటారు. ఆకాశం నిర్మలంగా ఉండి చుక్కలు మిలమిలలాడిన రాత్రే దుప్పటి చాలదు. నేల పగలు తాగిన వేడిని రాత్రంతా కంటికి కనపడని కిరణాలుగా పైకి వదులుతుంది. పైన మబ్బుంటే అది ఆ వేడిని పట్టుకుని తిరిగి కిందికి పంపుతుంది. (చెన్నై మే నెల ఉక్కపోతను కూడా ఇందులో కలిపేద్దామనుకున్నాను. కానీ ఉక్కకు మొదటి కారణం గాలిలో తేమ, మబ్బు కాదు. ఆ ఉదాహరణ కొట్టేశాను.)

అంటే మబ్బుకు రెండు ఖాతాలు. పైనుంచి వచ్చే ఎండను ఆపడం ఒకటి, కింది నుంచి పోయే వేడిని ఆపడం ఇంకొకటి. మొదటి ఖాతా సూర్యుడు ఉన్నంతసేపే నడుస్తుంది. రెండోదానికి పగలు లేదు, రాత్రి లేదు, ఆదివారం సెలవు కూడా లేదు.

ఇప్పుడు ధ్రువానికి వెళ్దాం. అక్కడ రాత్రి అంటే నెలల తరబడి రాత్రి. అన్నాళ్ళూ మొదటి ఖాతా మూతపడి ఉంటుంది. దుప్పటి ఖాతా ఒక్కటే నడుస్తుంది.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 1997 అక్టోబరులో మంచును పగలగొట్టుకుంటూ వెళ్ళే కెనడా ఓడ ఒకదాన్ని అలాస్కాకు ఉత్తరాన బ్యూఫోర్ట్ సముద్రపు మంచులో కావాలనే ఇరికించి, ఏడాది పాటు మంచుతో పాటు కొట్టుకుపోనిచ్చారు. ఆ ప్రయోగం పేరు షీబా. రోజూ మబ్బుల కింద వేడి లెక్కలు రాశారు. ఏడాది లెక్క ముగించి చూస్తే మబ్బు మంచును వేడెక్కించే రోజులే ఎక్కువ. నడి వేసవిలో కొద్ది వారాలు మాత్రమే నికరంగా చల్లబరిచింది. చలికాలంలో అక్కడ ఆకాశం రెండే తీర్లుగా ఉంటుందని కూడా ఆ లెక్కల్లోంచే తేలింది. నిర్మలంగా ఉంటే మంచు ఉపరితలం చదరపు మీటరుకు దాదాపు 40 వాట్ల చొప్పున వేడి పోగొట్టుకుంటుంది. నీటి బిందువులున్న మబ్బు కమ్మితే ఆ నష్టం దాదాపు సున్నాకు వస్తుంది. మధ్యస్థంగా ఉండే రోజులు తక్కువ. స్విచ్ వేసినట్టు, తీసినట్టు.

నీటి బిందువులా, మైనస్ 30 చలిలోనా అని నాకూ అనుమానం వచ్చింది. ఉంటాయట. స్వచ్ఛమైన చిన్న నీటి బొట్టు మైనస్ 38 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉండగలదు, గడ్డకట్టడానికి ఆసరాగా ఏదో ఒక రేణువు దొరకాలి. ఆ రేణువు సంగతికి మళ్ళీ వస్తాను, కథ మలుపు తిరిగేది అక్కడే.

మా డాబా, వాళ్ళ మంచు

రెండేళ్ళ కిందట మా అసోసియేషన్ డాబాకు తెల్ల రంగు వేయించింది, ఎండను వెనక్కి కొట్టే రకం. మొదటి వేసవి పై అంతస్తు వాళ్ళకు నిజంగా హాయిగా ఉంది. తరవాత వానలకు పాచి పట్టింది. జనరేటరు పొగగొట్టం వైపు మసి పేరుకుంది, రోడ్డు దుమ్ము సరేసరి. ఇప్పుడు అది తెలుపు కాదు, బూడిద గుమ్మడికాయ రంగు. బాబాయి గారి గది మళ్ళీ మునుపటిలాగే కాగుతోంది.

మంచు మీద కూడా జరిగేది ఇదే. కొత్తగా పడ్డ మంచు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి పంపేస్తుంది. మంచు లేని సముద్రం 6, 7 శాతమే పంపుతుంది, మిగతాది మింగేస్తుంది. దీన్నే ఆల్బెడో అంటారు. మబ్బు గొడుగుగా ఎంత పనికొస్తుందన్నది దీన్ని బట్టే ఉంటుంది. నల్లటి సముద్రం మీద మబ్బు పడితే సముద్రం మింగబోయే ఎండ చాలావరకు ఆగుతుంది, పెద్ద ఆదా. తెల్లటి మంచు మీద అదే మబ్బు పడితే ఆదా అయ్యేది కొంచెమే, మంచు ఎలాగూ ఆ ఎండను తిప్పికొట్టేదే కదా. వేసిన తెల్ల రంగు మీద మళ్ళీ టార్పాలిన్ కట్టినట్టు.

కాబట్టి ఒకే మబ్బు అట్లాంటిక్ నీళ్ళ మీద గొడుగు, నాలుగు వందల మైళ్ళు ఉత్తరానికి జరిగి మంచు మీదికి వెళ్తే దుప్పటి. ఆ మంచే ఆగస్టులో కరిగి నీళ్ళ మడుగులు కడితే మళ్ళీ కొంత గొడుగు. ఏ నెల, ఏ చోటు, కింద ఏముంది అన్నవి చెప్పకుండా "మబ్బులు మంచును కాపాడతాయి" అని ఎవరన్నా అంటే, ఏ సంవత్సరపు బ్యాలెన్స్ షీటో చెప్పకుండా లాభం చూపించే పార్టీ గుర్తొస్తుంది నాకు.

2007 సంగతి చూడండి. ఆ వేసవి పడమటి ఆర్కిటిక్ మీద మబ్బులు తగ్గాయి, ఎండ విరగకాసింది. సెప్టెంబరు నాటికి మంచు 42 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గరికి పడిపోయి అప్పటికి రికార్డయింది. మబ్బు పోతే మంచు పోయిందన్న మాట ఇక్కడ నిజం. కానీ వేరే పరిశోధకులు చాలా ఏళ్ళ లెక్కలు కలిపి చూస్తే, సెప్టెంబరులో మంచు బాగా తగ్గిన ఏళ్ళలో వసంతంలో మబ్బూ తేమా ఎక్కువగా ఉన్నాయి. వసంతంలో దుప్పటి కప్పుకున్న మంచు తొందరగా కరగడం మొదలుపెట్టింది. అంటే ఏప్రిల్, మే నెలల్లో మబ్బు ఎక్కువైతే నష్టం, జూన్, జూలైల్లో తక్కువైతే నష్టం. ఒకే ఏడాదిలో పద్దు గుర్తు మారిపోతోంది.

ఇంకా ఉంది. మంచు కరిగి సముద్రం బయటపడితే శరత్కాలంలో ఆ నీళ్ళ మీద నుంచి ఆవిరి లేచి తక్కువ ఎత్తులో మబ్బులు పెరుగుతాయి. అప్పటికి సూర్యుడు దాదాపు దిగిపోయి ఉంటాడు. ఆ మబ్బు ఎండను ఆపేదేమీ ఉండదు, నీళ్ళు చల్లారకుండా పట్టి ఉంచుతుంది. గొడుగు కావలసిన వేసవిలో ఇలా పెరుగుతున్నట్టు ఉపగ్రహాల లెక్కల్లో కనిపించలేదు. దీన్ని చదివినప్పుడు నాకు నిజంగా ఉసూరుమనిపించింది. ప్రకృతి తనను తాను సరిచేసుకుంటుందని ఎక్కడో ఒక మూల నమ్మకం ఉండేది.

పొగ చేసే నాలుగు పనులు

ఇక రేణువులు. గాలిలో తేమ ఎంతున్నా, పట్టుకోవడానికి రేణువు లేకపోతే మబ్బు పుట్టడం కష్టం. గంధకపు పొగ, మసి, దుమ్ము, సముద్రపు ఉప్పు అన్నీ ఇందుకు పనికొచ్చేవే. (పక్షుల రెట్ట కూడా. ఆర్కిటిక్ పక్షుల కాలనీల నుంచీ, అంటార్కిటికాలో మరాంబియో స్థావరం దగ్గర పెంగ్విన్ల గుంపుల నుంచీ లేచే అమ్మోనియా రేణువులు పుట్టడానికి సాయం చేస్తోందని కొలిచారు. మా పల్లికరణై కొంగలకు ఈ గౌరవం ఇంకా దక్కలేదు.)

ఉత్తర ధ్రువం దగ్గర వేసవి గాలి ఎంత శుభ్రమంటే, మబ్బు బొట్లకు పనికొచ్చే రేణువులు ఘన సెంటీమీటరుకు పదికి లోపు ఉండే రోజులుంటాయి. ఒక్కోసారి ఒకటి కూడా ఉండదు. మన నగరాల గాలిలో రేణువులు వేలల్లో ఉంటాయి. అక్కడ ఒక్క చిటికెడు పొగ చేరినా మబ్బు స్వభావం మారిపోతుంది.

ఆ పొగ చేరుతోంది కూడా. 1950లలో ఆర్కిటిక్ మీద ఎగిరిన పైలట్లు వసంతంలో ఒక మసక పొరను చూసి ఆశ్చర్యపోయారు. అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త మర్రీ మిచెల్ దానికి ఆర్కిటిక్ హేజ్ అని పేరు పెట్టాడు. తరవాత తేలింది, అది యూరప్, రష్యా కార్ఖానాల పొగ. చలికాలంలో కడిగేసే వాన లేక నెలల తరబడి అక్కడే తిష్ట వేస్తుంది. ఎక్కడో టైరు కాలిస్తే ఇంకెక్కడో మసక అన్నమాట.

ఈ పొగ చేసే మొదటి పని బాబాయి గారు చెప్పిందే. రేణువులు ఎక్కువైతే ఉన్న నీళ్ళే ఎక్కువ బొట్లుగా, చిన్న బొట్లుగా పంచుకుంటాయి. చిన్న బొట్ల మబ్బు తెల్లగా ఉంటుంది, ఎండను ఎక్కువగా వెనక్కి కొడుతుంది. 1970లలో ట్వోమీ అనే శాస్త్రవేత్త చెప్పిన సంగతిది. గొడుగు ఖాతా.

రెండో పనిని ఫార్వర్డ్ వాళ్ళు రాయలేదు. ఆర్కిటిక్ మబ్బులు చాలావరకు పలచన. పలచటి మబ్బులో బొట్లు పెరిగితే అది వేడిని కిందికి పంపడంలో కూడా గట్టిపడుతుంది. అలాస్కా ఉత్తరపు కొసన బారో దగ్గర ఏళ్ళ తరబడి కొలిచి, పొగ పట్టిన రోజుల్లో మబ్బు కిందికి పంపే వేడి చదరపు మీటరుకు 3 నుంచి 5 వాట్ల దాకా పెరిగిందని 2006లో రెండు బృందాలు విడివిడిగా రాశాయి. పొగ దుప్పటిని మందం చేసింది. మబ్బు ముందే మందంగా ఉంటే పొగ చేర్చినా ఈ ఖాతాలో తేడా రాదు, ఆ సంగతి కూడా రాయాలి.

మూడో పని ఇంకా చిత్రం. కొన్ని రకాల దుమ్ము నీటిబొట్టును పట్టుకుని గడ్డకట్టిస్తుంది. ఒకసారి మంచు స్ఫటికం పుట్టిందా, చుట్టూ ఉన్న నీటిబొట్ల తేమను లాక్కుని తాను పెరుగుతుంది. పెరిగి బరువెక్కి మంచుగా కిందికి రాలిపోతుంది. మబ్బు ఖాళీ అయి ఆకాశం తెరుచుకుంటుంది. ఈ ఆలోచనను 1911లోనే బయటపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ వెగెనర్, ఖండాలు కదులుతాయన్న ఆయనే. 1930లో గ్రీన్లాండ్ మంచులోనే చనిపోయాడు. కాబట్టి ఒక రకం రేణువు దుప్పటి నేస్తే, ఇంకో రకం అదే దుప్పటిని చింపుతుంది.

నాలుగోది మా డాబా మీది మసి. మబ్బుతో పనిలేకుండా నేరుగా మంచు మీద పడేది. ఆర్కిటిక్ మంచులో అది ఉండే పాళ్ళు వింటే నవ్వొస్తుంది, కిలో మంచులో గ్రాములో లక్షో వంతు, అటూ ఇటూ. అంతకే ఆల్బెడో ఒక శాతం దాకా పడిపోగలదు. నెలల తరబడి అస్తమించని ఎండలో ఒక శాతం చిన్న సంగతి కాదు. అయితే ఆర్కిటిక్ మంచులో ఈ మసి 1980లతో పోలిస్తే తగ్గిందని కొలతలు చెబుతున్నాయి. అందుకని మంచు తరిగిపోవడాన్ని మసి నెత్తిన రుద్దడమూ కుదరదు.

బాబాయి గారి వైపు నుంచి

ఆయన్ను తీసిపారేయడం నాకిష్టం లేదు. ఆయన చెప్పినదాన్ని ఆయన కంటే బలంగా చెప్పి చూస్తాను.

2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించాలన్న అంతర్జాతీయ నియమం అమలైంది. అంతకు ముందు ఉపగ్రహ చిత్రాల్లో ఓడ వెళ్ళిన దారి వెంట మబ్బులో తెల్ల చారలు కనిపించేవి. ఆ చారలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. యూరప్‌లో 1980ల నుంచి గంధకపు పొగ తగ్గిస్తూ వచ్చారు. ఆ ఒక్క తగ్గింపు వల్లే ఆర్కిటిక్ సగటున అర డిగ్రీ వేడెక్కి ఉండొచ్చని 2016లో ఒక అధ్యయనం కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టింది. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం మొత్తం భూమి మీద రేణువులు ఆపుతున్న వేడి చదరపు మీటరుకు 1.1 వాట్లు, 0.4 నుంచి 1.7 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇంత వెడల్పు ఉన్న అంకెను మా ఆడిటర్ గారి ముందు పెడితే ఫైలు విసిరికొడతారు.

కాబట్టి అవును, పొగ తీసేస్తే కొంత వేడి బయటపడుతుంది. ఇది చెప్పడానికి పర్యావరణం వైపు మాట్లాడేవాళ్ళు కొందరు మొహమాటపడతారు. అది తప్పు. వాళ్ళు దాచిపెట్టారు కాబట్టే ఆ నిజం ఫార్వర్డ్ చేతికి చిక్కి, అబద్ధానికి తోడు వెళ్ళింది.

అయితే ఆ వేడి ఎవరిది? పొగ తీసేయడం వల్ల పుట్టింది కాదు. అప్పటికే గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ పట్టుకున్న వేడి అది. మా ఆఫీసుకొచ్చే ఒక షాపు ఆయన నెలాఖరుకు చేబదులు తెచ్చి బ్యాంకు ఖాతాలో వేసి నిండుగా చూపించేవాడు, ఒకటో తారీకున తీసేసేవాడు. ఖాతా ఖాళీ కావడానికి చేబదులు తిరిగిచ్చేయడమే కారణమని ఆయన వాదన. రేణువులు మామూలుగా గాలిలో వారం పది రోజులుండి రాలిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళుంటుంది. దాని వేడిని పొగతో కప్పాలంటే ప్రతి వారమూ కొత్త పొగ పోస్తూనే ఉండాలి. ఆ పొగ పీల్చేది మనం. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో 42 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భోగి పొద్దున ఇన్‌హేలర్ పెట్టుకున్న మా ఇంటావిడ ముందు పొగ గొప్పతనం మాట్లాడే ధైర్యం నాకైతే లేదు.

ఇదంతా విని బాబాయి గారు ఇంకో మెట్టు ఎక్కారు. "సరే, చెడ్డ పొగ వద్దు. సముద్రపు ఉప్పునే సన్నగా చిమ్మి మబ్బును తెల్లబరిస్తే?" ఆయనకు తెలియకుండానే జాన్ లేథమ్ అనే శాస్త్రవేత్త 1990లో చెప్పిన ఆలోచన దగ్గరికి వచ్చేశారు. ఎండ దేశాల్లో నల్ల సముద్రం మీద అది పనిచేయొచ్చేమో, పరీక్షించి చూడనివ్వండి. కానీ మంచును నేరుగా కాపాడాలని ధ్రువం మీదే చిమ్మితే ఏ నెలలో గొడుగు అవుతుందో, ఏ నెలలో దుప్పటి అవుతుందో పైన చూశాం కదా. ఆ చిమ్మే యంత్రానికి కనీసం ఒక పంచాంగం ఇవ్వాలి.

దక్షిణం నన్ను ఓడించింది

ఇక్కడిదాకా రాసి, ఉత్తరంలో చూసిందే దక్షిణానికీ వర్తిస్తుందిలే అనుకున్నాను. వర్తించలేదు. అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 2014 సెప్టెంబరులో 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు సృష్టించింది, పెరుగుతూ. రెండేళ్ళకే, 2016లో, ఢమాలున పడింది. 2023 ఫిబ్రవరికి 17.9 లక్షలకు వచ్చింది, ఉపగ్రహాల కాలంలో అతి తక్కువల్లో ఒకటి. అక్కడ కార్ఖానాల పొగ లేదు, మసీ లేనట్టే. గాలులు, సముద్రపు లోపలి నీళ్ళ వేడి ఎక్కువ పాత్ర వహించాయని చెబుతున్నారు. పొగ గొడుగు తీసేస్తే మంచు పోయిందన్న సిద్ధాంతం అసలు పొగే లేనిచోట ఏం చెబుతుందో నేను బాబాయి గారిని అడిగాను. ఆయన కాఫీ తెప్పించారు.

కానీ శాస్త్రవేత్తల వైపు కూడా అక్కడ ఒక పాత బకాయి ఉంది. దక్షిణ మహాసముద్రం మీద గడ్డకట్టించే దుమ్ము చాలా తక్కువ కాబట్టి మబ్బుల్లో గడ్డకట్టని నీళ్ళు ఎక్కువగా ఉంటాయి. కంప్యూటర్ నమూనాలు చాలాకాలం ఆ నీళ్ళను తొందరపడి మంచు చేసేశాయి. దాంతో నమూనాలో మబ్బు పలచబడి, సముద్రం ఉన్నదానికంటే ఎక్కువ ఎండ తాగేది. ఎండ ఎక్కువైతే మంచు లెక్కా తారుమారవుతుంది. ఈ తప్పును వాళ్ళే పట్టుకున్నారు, వాళ్ళే రాసుకున్నారు, చాలావరకు దిద్దుకున్నారు. ఫార్వర్డ్ పంపేవాళ్ళు ఎవరైనా తమ పాత ఫార్వర్డ్‌ను దిద్దుకోగా నేనింతవరకు చూడలేదు.

ఒక చిన్న గర్వం కూడా చెప్పుకోవాలి. మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళేంత దూరంలో, పల్లికరణైలోనే, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది. ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్బార్డ్‌లో కాంగ్స్ ఫియోర్డ్ నీళ్ళలో 2014లో దించిన ఇండార్క్ అనే పరికరాల గొలుసును తయారుచేయడంలో వీళ్ళ చేయి ఉంది, మన హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేయి కూడా. ఆ ఒడ్డున నీ ఓలెసుండ్‌లో మన హిమాద్రి స్థావరం 2008 నుంచి ఉంది. 2023 డిసెంబరు నుంచి చీకటి కాలంలో కూడా మనవాళ్ళు అక్కడికి వెళ్తున్నారు. పైన రాసినదంతా చూస్తే, వెళ్ళవలసింది ఆ చీకటి నెలల్లోనే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. దుప్పటి ఖాతా తెరిచి ఉండేది అప్పుడే.

టన్నుకు మూడు చదరపు మీటర్లు

ఇన్ని ఖాతాలు, ఇన్ని గుర్తుల మార్పులు చూశాక ఎవరికైనా రావలసిన అనుమానం: మబ్బుల సంగతే ఇంత గజిబిజిగా ఉంటే, మంచు కరగడానికి కార్బన్ డయాక్సైడే కారణమని ఎలా చెబుతారు?

నన్ను ఒప్పించింది 2016లో డిర్క్ నోట్జ్, జూలియెన్ స్ట్రోవ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపిన లెక్క. ఇప్పటిదాకా మనుషులు వదిలిన మొత్తం కార్బన్ డయాక్సైడ్ ఒక వైపు, సెప్టెంబరు నాటి ఆర్కిటిక్ మంచు విస్తీర్ణం ఇంకో వైపు వేస్తే దాదాపు తిన్నటి గీత వస్తుంది. వదిలిన ప్రతి టన్నుకూ సుమారు 3 చదరపు మీటర్ల మంచు పోతోంది. మబ్బులూ రేణువులూ ఆ గీత చుట్టూ ఏటికేడు ఎగుడుదిగుళ్ళు తెస్తాయి. కొన్ని ఏళ్ళు లోతుగా ముంచుతాయి, కొన్ని ఏళ్ళు నిలబెడతాయి. గీత వాలు మాత్రం వాటిది కాదు. రోజువారీ చిల్లర ఖాతా ఎంత గజిబిజిగా ఉన్నా సంవత్సరాంతపు ముగింపు నిల్వ ఎటు పోతోందో తెలుస్తుంది.

దీనికి ఎదురుగా చెప్పగలిగిన గట్టి మాట ఒకటుంది, దాచను. 2012 సెప్టెంబరులో మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడింది, ఇంచుమించు మన దేశమంత. ఆ రికార్డు ఆ తరవాత పుష్కర కాలం గడిచినా విరగలేదు. గత ఇరవయ్యేళ్ళలో సెప్టెంబరు మంచు తగ్గే వేగం బాగా నెమ్మదించింది కూడా. సముద్రం, గాలి తమంతట తాము ఊగే ఊగిసలాటలో ఇలాంటి ఆగుళ్ళు వస్తాయని పరిశోధకులు అంటున్నారు. నాకది సబబుగానే ఉంది, ఎందుకంటే ఆగినా ఎక్కడ ఆగింది? 1980ల మొదట్లో 70 లక్షల అటూ ఇటూ ఉన్నది మళ్ళీ అక్కడికి ఎక్కలేదు. అయినా ఇంకో పదేళ్ళు ఇలాగే సాగితే ఆ తిన్నటి గీతను మళ్ళీ గీసి చూడాల్సిందే. అప్పుడు నేను మళ్ళీ రాస్తాను.

ఈ మూడు చదరపు మీటర్ల మాట మాత్రం బాబాయి గారికి పట్టుకుంది. మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నులు మన దేశపు సగటు అంటే, "ఆరు చదరపు మీటర్లా? మా పూజగది కంటే పెద్దదిరా" అన్నారు. కాసేపు డాబా కొలతలు చూసుకుంటున్నట్టు గోడ వంక చూశారు. ఫార్వర్డ్ గురించి మళ్ళీ ఎత్తలేదు, తప్పని ఒప్పుకోనూ లేదు. తరవాతి ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టి, "మన జనరేటరుకెంతవుతుందో వేసిపెట్టు, అసోసియేషన్ మీటింగులో చదువుతాను" అన్నారు.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే 370 లీటర్లకు ఒక టన్ను, మూడు చదరపు మీటర్లు. మిగిలింది వాచ్‌మన్ దగ్గరి డీజిల్ నోటుబుక్కు. తీసుకొచ్చి చూస్తే 2023 డిసెంబరు మిగ్‌జాం తుపాను నీళ్ళకు సగం పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. హెయిర్ డ్రయ్యరు పెట్టి ఒక్కో పేజీ విడదీస్తున్నాను. ఇప్పటికి ఆగస్టు దాకా వచ్చింది.